నలుగురికి ఒకే స్క్రీన్: ప్రాథమిక తరగతిలో పిల్లలు కలిసి నేర్చుకునేలా టెక్నాలజీని వాడడం ఎలా?

మీ తరగతిలో 24 మంది పిల్లలు. గోడకు ఒక స్మార్ట్ టీవీ, మీ చేతిలో ఒక ఫోన్, బీరువాలో రెండు ట్యాబ్‌లు. మన దగ్గర చాలా ప్రాథమిక బడుల్లో ఉన్నది ఇంతే, కొన్నిచోట్ల ఇంతకంటే తక్కువ. పిల్లలకు తలా ఒక ట్యాబ్ ఉంటే ఎంత బాగుండేదో అని టీచర్లు అంటూ ఉంటారు. నేనలా అనుకోను. ఎనిమిదేళ్ళ పిల్లలకు తలా ఒక స్క్రీన్ ఇస్తే గది సద్దుమణుగుతుంది, ఎవరి లోకం వారిదవుతుంది. నలుగురి మధ్య ఒక్కటే పెడితే మాట్లాడుకోక తప్పదు. ఇప్పుడేది నొక్కాలి, ఎందుకు నొక్కాలి, నువ్వు చెప్పింది తప్పు, ఎలా తప్పో చెప్పు! ఆ వాదనలోనే పిల్లలకు విషయం అర్థమవుతుంది.

3, 4, 5 తరగతులు చెప్పే టీచర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఉన్న సామానుతోనే రేపటి నుంచి మొదలుపెట్టగలిగేవే ఇందులో ఉన్నాయి.

ముందు రోజు సాయంత్రం

మన పాఠ్యపుస్తకాల్లో పాఠాల దగ్గర క్యూఆర్ కోడ్‌లు ఉంటాయి. 2017లో కేంద్రం మొదలుపెట్టిన దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. తరగతిలో పిల్లల ముందు మొదటిసారి స్కాన్ చేయకండి. ఇంట్లో నెట్ బాగున్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని, చివరిదాకా చూడండి. ఎక్కడ ఆపి ప్రశ్న వేయాలో పుస్తకం అంచున నిమిషం, సెకను రాసుకోండి. దీక్షలో దించుకున్నది ఆ యాప్‌లోనే తెరుచుకుంటుంది కాబట్టి ఫోన్‌ని టీవీకి కలిపే కేబులో, కేబుల్ లేకుండా ఫోన్ తెరను టీవీలో చూపే స్క్రీన్ కాస్టో పనిచేస్తుందా లేదా అన్నది బడి వదిలాక ఒకసారి చూసుకోండి.

ఇంకో రెండు చిన్న పనులు. టీవీకి కలిపే ముందు మీ ఫోన్‌లో ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టి, నోటిఫికేషన్లు తెర మీద కనబడకుండా ఉండేలా కూడా అందులో ఎంచుకోండి, మీ ఇంటి మెసేజ్‌లు టీవీ మీద కనబడకుండా ఉంటాయి. పిల్లల చేతికిచ్చే ట్యాబ్‌లో, ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద యాప్‌ని పిన్ చేసే సౌకర్యం ఉంటుంది. అది ఆన్ చేసి, విప్పడానికి పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, కావలసిన యాప్‌ని పిన్ చేస్తే పిల్లలు ఆ యాప్ దాటి బయటికి పోలేరు. “టీచర్, వాడు గేమ్ పెట్టాడు” అనే ఫిర్యాదు ఇక రాదు.

మొదటి వారం ట్యాబ్ బయటికి తీయకండి

కలిసి మాట్లాడుకోవడం పిల్లలకు రాకపోతే ట్యాబ్ దాన్ని నేర్పదు, గొడవ మాత్రం పెంచుతుంది. అందుకని మొదటి వారం నోటి మాటతోనే సాధన చేయించండి.

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ 1981లో చెప్పిన పద్ధతికంటే తేలికైనది ఇప్పటికీ లేదు. ప్రశ్న వేయండి. ఎవరికి వారు మౌనంగా ఆలోచించాలి. తర్వాత పక్కవారితో మాట్లాడాలి. ఆ తర్వాతే తరగతి మొత్తానికి చెప్పాలి. ఈ మూడింటిలో మనం తరచూ ఎగ్గొట్టేది మొదటిదే. ప్రశ్న వేసిన మరుక్షణమే చేతులు లేపిన ఇద్దరు ముగ్గురి వైపు తిరుగుతాం, మిగతావాళ్ళు ఆలోచించడం మానేస్తారు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల రికార్డింగులు విని గమనించింది ఇదే: టీచర్లు జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకను. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. మనసులో ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టుకుని అప్పుడు జవాబు అడగండి.

పిల్లలకు వాదించే మాటలు కూడా ఇవ్వాలి. ఒక చార్టు మీద ఈ మూడు రాసి గోడకు అంటించండి:

“నాకూ అలాగే అనిపిస్తోంది, ఎందుకంటే…”
“నాకు అలా అనిపించడం లేదు, ఎందుకంటే…”
“అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పవా?”

మూడోది అడగడానికి పిల్లలు సిగ్గుపడతారు. అడిగినవారిని మెచ్చుకోండి, వారంలో సిగ్గు పోతుంది.

నలుగురు, నాలుగు పనులు

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

1999లో సుగతా మిత్రా అనే విద్యా పరిశోధకుడు ఢిల్లీలోని కాల్కాజీలో ఒక గోడకు కంప్యూటర్ బిగించి బస్తీ పిల్లలకు వదిలేశారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు గుంపుగా చేరి ఒకరికొకరు నేర్పుకున్నారు. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత అలాంటి కేంద్రాలను చూసిన కొందరు పరిశోధకులు ఇంకో విషయం రాశారు: చాలాచోట్ల పెద్ద మగపిల్లలే ముందు చేరి, ఎక్కువగా ఆటలు ఆడుకున్నారు, ఆడపిల్లలు వెనకే ఉండిపోయారు. రెండూ నిజమే. పిల్లలు ఒకరి నుంచి ఒకరు నేర్చుకోగలరు, కానీ ఎవరి పని ఏమిటో మనం ముందే నిర్ణయించకపోతే బలమున్నవాడి చేతిలోనే ట్యాబ్ ఉంటుంది.

నలుగురికి ఈ నాలుగు పనులు పంచండి.

నొక్కేవారు: ట్యాబ్ వీరి చేతిలోనే ఉంటుంది. కానీ సొంత ఆలోచనతో ఏదీ నొక్కకూడదు.
చెప్పేవారు: ఏం నొక్కాలో, ఎందుకో నోటితో చెప్తారు. చేయి చాపి స్క్రీన్ తాకకూడదు.
అడిగేవారు: “అదే ఎందుకు? ఇంకోలా చేయొచ్చా?” అని అడగడం వీరి పని.
రాసేవారు: గ్రూపు నిర్ణయాన్ని నోట్‌బుక్‌లో ఒకటి రెండు వాక్యాల్లో రాస్తారు.

మొదటి రెంటికీ పెట్టిన షరతును ఎంతమాత్రం సడలించకండి. చేతిలో ట్యాబ్ ఉన్నవారు ఎదుటివారు చెప్పింది వినాల్సిందే. చెప్పేవారు తమ మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెట్టాల్సిందే. చురుకైన పిల్లవాడికి ‘నొక్కేవారు’ పని ఇచ్చి చూడండి. మొదటి రోజు వాడికి చాలా కష్టంగా ఉంటుంది, మూడో రోజుకు పక్కవాళ్ళ మాట వినడం మొదలుపెడతాడు. మాటా పలుకూ లేని అమ్మాయికి ‘చెప్పేవారు’ పని వచ్చినప్పుడు మీరు వెళ్ళి ఆ గ్రూపు పక్కన కూర్చోండి. ఏమీ అనక్కర్లేదు, మీరు పక్కన ఉంటే మిగతావాళ్ళు తొందరపెట్టరు.

పనులు రోజూ మారాలి. గోడ మీద ఒక పట్టిక పెడితే తగువులుండవు. గ్రూపులు మాత్రం కనీసం మూడు వారాలు మార్చకండి, ఒకరికొకరు అలవాటు కావడానికి ఆమాత్రం సమయం పడుతుంది. గ్రూపులో ధారాళంగా చదివేవారు ఒకరు, మధ్యస్థంగా చదివేవారు ఇద్దరు, ఇంకా కూడబలుక్కునేవారు ఒకరు ఉండేలా చూడండి. మొదటివారినీ చివరివారినీ పక్కపక్కన కూర్చోబెట్టకండి. అలా కూర్చోబెడితే ఒకరు చెప్పడం, ఒకరు కాపీ కొట్టడం జరుగుతుంది. మధ్యవాళ్ళు పక్కనుంటే వివరణ నెమ్మదిగా, పిల్లల భాషలో అందుతుంది.

ఆరు గ్రూపులు, రెండే ట్యాబ్‌లు ఉంటే? రోజుకు రెండు గ్రూపులకు ఇవ్వండి. మిగతా నాలుగు గ్రూపులు అదే ప్రశ్న మీద పుస్తకంతో, పుల్లలతో, చార్టుతో పనిచేస్తాయి. మూడు రోజుల్లో అందరికీ వంతు వస్తుంది. నిజానికి ప్రాథమిక తరగతి పిల్లలకు అంతకంటే ఎక్కువ స్క్రీన్ అక్కర్లేదు. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాలు కూడా 1 నుంచి 8 తరగతులకు రోజుకు రెండు సెషన్లు మించొద్దని, ఒక్కో సెషన్ 30 నుంచి 45 నిమిషాలే ఉండాలని చెప్పాయి. బడిలో ఎదురుగా టీచర్ ఉన్నప్పుడు నా లెక్క ఇంకా తక్కువ: ఒక పీరియడ్‌లో 15 నిమిషాలు.

ట్యాబ్ దగ్గర ఏం చేయించాలి?

తెలుగు పాఠానికి నాకు బాగా నచ్చిన పని వాయిస్ టైపింగ్. నెట్ ఉండాలి. కీబోర్డు భాష తెలుగు పెట్టి, మైకు నొక్కి, గ్రూపు తయారుచేసుకున్న ఒక వాక్యాన్ని చెప్పేవారు స్పష్టంగా పలకాలి. ట్యాబ్ ఏం రాసిందో అందరూ చదవాలి. ఎక్కడో ఒకచోట తప్పు వస్తుంది. ‘ళ’ రావాల్సిన చోట ‘ల’ రావచ్చు, ఒత్తు పోవచ్చు, రెండు మాటలు అతుక్కుపోవచ్చు. ఇప్పుడు తప్పు మన పలుకుదా, ట్యాబ్‌దా? నలుగురూ తేల్చుకుని, సరైన రూపం నోట్‌బుక్‌లో రాయాలి. తమ నోట్‌బుక్‌లో తప్పులు దిద్దుకోమంటే విసుక్కునే పిల్లలు మిషన్ చేసిన తప్పును ఎంతో ఉత్సాహంగా పట్టుకుంటారు. సుగతా మిత్రా బృందం హైదరాబాద్ పిల్లలతో ఇలాంటిదే ఇంగ్లిష్‌లో చేసింది. మాటను అక్షరాలుగా మార్చే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ఇచ్చి, అది తమ మాట గుర్తుపట్టేలా పలకడం పిల్లలే కలిసి సాధన చేసుకోమన్నారు. పిల్లల ఉచ్చారణ మెరుగైందని 2003లో ప్రచురించారు.

కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015 నుంచి నడుస్తోంది. తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితంగా దించుకోవచ్చు. కథను చివరి రెండు పేజీల ముందు ఆపేసి, ముగింపును గ్రూపే ఊహించి రాయాలని చెప్పండి. ఆ తర్వాత అసలు ముగింపు చదివి, రెండింటిలో ఏది బాగుందో వాదించుకోనివ్వండి.

టీవీలో వీడియో వేసేటప్పుడు

వీడియో వేసి కుర్చీలో కూర్చుంటే అది పాఠం కాదు. మూడు నిమిషాలకు మించిన ముక్క వేయకండి. మొదటిసారి సౌండ్ తీసేసి వేయండి. ఏం జరుగుతోందో పక్కవారికి చెప్పమనండి. వాన నీరు భూమిలోకి ఇంకడం చూపిస్తున్నారనుకోండి, “నీళ్ళు కిందకు పోతున్నాయి, రాయి దగ్గర ఆగాయి, ఎందుకు ఆగాయి?” అని పిల్లలే వ్యాఖ్యానం చెప్తారు. రెండోసారి సౌండ్‌తో వేసి, తాము అనుకున్నదానికీ విన్నదానికీ తేడా ఎక్కడో చెప్పించండి. రెండుసార్లు వేసినా పది నిమిషాల్లో అయిపోతుంది.

ఓటు, చర్చ, మళ్ళీ ఓటు

4వ తరగతి గణితంలో భిన్నాలు. ప్రశ్న: 1/3 పెద్దదా, 1/4 పెద్దదా? మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి 1/4 పెద్దదని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. మనం బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా తలూపి, పరీక్షలో మళ్ళీ అదే రాస్తారు. ఇలాంటి మొండి అపోహల కోసమే హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990లలో ఒక పద్ధతి తెచ్చారు. ఆయన విద్యార్థులు పెద్దవాళ్ళు, కానీ తొమ్మిదేళ్ళ పిల్లలకూ అది అంతే బాగా నప్పుతుంది.

దీనికి ప్లికర్స్ అనే యాప్, మీ ఒక్క ఫోన్ చాలు. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికి నలుపు తెలుపు గుర్తున్న ఒక కాగితం కార్డు ఉంటుంది. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు: ఎ, బి, సి, డి. మీరు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు చూపారో మీ ఫోన్‌లో కనిపిస్తుంది. ఒక్కో కార్డు మీది గుర్తు వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. కార్డులు ఉచితంగా ప్రింట్ తీసుకోవచ్చు. మందపాటి కాగితం వాడండి. మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు పడి కెమెరా చదవలేదు.

ఇప్పుడు వరస జాగ్రత్తగా పాటించండి. ప్రశ్న చూపించి ఒక నిమిషం మౌనం. ఓటు. ఫలితం మీరు మాత్రమే చూడండి, టీవీ మీద చూపకండి, ముఖంలో కూడా కనబడనివ్వకండి. సరిగా చెప్పినవాళ్ళు 30 శాతం కంటే తక్కువైతే, అంటే 24 మందిలో ఎనిమిది మంది కూడా లేకపోతే, చర్చ వల్ల లాభం లేదు. కాగితం మడతలతో పాఠం మళ్ళీ చెప్పండి. 70 శాతం దాటితే, అంటే 17 మందికో ఇంకా ఎక్కువమందికో వస్తే, ఒకరిద్దరితో కారణం చెప్పించి ముందుకు పొండి. ఆ మధ్యలో ఉంటే మంచి అవకాశం. “నీ జవాబు కాకుండా వేరే జవాబు చూపినవారిని వెతుక్కో. నీదే ఎందుకు సరైనదో ఒప్పించు” అని చెప్పి మూడు నిమిషాలు వదిలేయండి.

గది గోలగోలగా ఉంటుంది. హెడ్మాస్టర్ గారు తలుపు దగ్గరకొస్తే లోపలికి పిలిచి వినమనండి. “ఒకే రొట్టె ముగ్గురు పంచుకుంటే ఎక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా?” అని ఒక పిల్ల ఇంకొకరిని నిలదీయడం వినిపిస్తుంది. నిన్ననే అర్థమైన పిల్లలకు అర్థం కానివాళ్ళ ఇబ్బంది ఎక్కడుందో మనకంటే బాగా తెలుసు. మళ్ళీ ఓటు వేయించండి. ఇప్పుడు మాత్రం రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించి, మనసు మార్చుకున్నవారిని పిలిచి ఏ మాట విని మార్చుకున్నారో చెప్పించండి. మనసు మార్చుకోవడం ఓటమి కాదని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

ఆ యాప్‌లో తరగతి జాబితా ఎక్కించేటప్పుడు పిల్లల పూర్తి పేర్లు వద్దు, రోల్ నంబర్లు చాలు. నెట్ లేని రోజు కళ్ళు మూసుకుని గుండె దగ్గర వేళ్ళు చూపమనండి: ఒక వేలు ఎ, రెండు బి. పద్ధతి అదే, ఫలితమూ దాదాపు అదే.

ఒక వారం పని: మన ఇంటి బిందెలు

పై మెళకువలన్నీ కలిపి వాడడానికి 4, 5 తరగతులకు ఈ ప్రాజెక్టు చేయించండి. పరిసరాల విజ్ఞానం, గణితం, తెలుగు మూడూ ఇందులో వస్తాయి.

సోమవారం ప్రశ్న పెట్టండి: మన ఇళ్ళలో రోజుకు ఎన్ని నీళ్ళు వాడుతున్నాం? పిల్లలు బిందెల్లో చెప్తారు, బకెట్లలో చెప్తారు, “మాది మోటార్ టీచర్” అంటారు. ఎవరి బిందె ఎంత? దీన్ని మీరు తేల్చకండి. లీటరు నీళ్ళ సీసా ఒకటి, బడిలోని బిందె ఒకటి ఇచ్చి గ్రూపులనే కొలవమనండి. ఒక గ్రూపు పోస్తుంటే ఇంకో గ్రూపు ఫోన్‌తో వీడియో తీయాలి. లెక్క దగ్గర తగువొస్తే వీడియో వెనక్కి తిప్పి సీసాలు మళ్ళీ లెక్కపెడతారు. పిల్లల చేతిలో కెమెరాకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తెలియదు. కొలిచాక ఆ నీళ్ళు మొక్కలకు పోయించండి.

మంగళ, బుధవారాల్లో ఇంట్లో లెక్క రాసుకొస్తారు: తాగడానికి, వంటకు, స్నానాలకు, బట్టలకు, పశువులుంటే వాటికి. గురువారం గ్రూపులో కలుపుకోవాలి. ముందు సుద్దతో వరండా నేల మీద బార్ గ్రాఫ్ గీయించండి. ఒక గడి ఎన్ని లీటర్లు? ఈ నిర్ణయం దగ్గర గ్రూపులు చాలాసేపు కొట్టుమిట్టాడతాయి, తొందరపెట్టకండి. గడి పది లీటర్లు అనుకున్నవాళ్ళ గ్రాఫ్ వరండా దాటిపోతుంది, అప్పుడు వాళ్ళే మార్చుకుంటారు. ఆ తర్వాతే ఫోన్‌లో పట్టికలు, గ్రాఫ్‌లు చేసే షీట్స్ యాప్‌లో అంకెలు ఎక్కించి టీవీ మీద గ్రాఫ్ చూపించండి. ఈ వరస తిరగేయకండి. టీవీ గ్రాఫ్ ముందు చూపిస్తే పిల్లలు రంగులు చూస్తారు. నేల మీద గీశాక చూపిస్తే, “మా గ్రూపుది అంత పొట్టిగా ఎందుకుంది?” అని అడుగుతారు.

శుక్రవారం ప్రతి గ్రూపూ రెండు నిమిషాల ఆడియో రికార్డు చేయాలి. అందులో నలుగురి గొంతూ వినబడాలి. ఇంట్లో తెలుగు కాకుండా గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే మొదట ఇంటి భాషలోనే రికార్డు చేయనివ్వండి, తర్వాత తెలుగులో చెప్పించండి. నాయనమ్మను అడిగి, చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారో రికార్డు చేసుకురమ్మంటే ఇంకా మంచిది. అచ్చు పుస్తకంలో లేని పాఠం తరగతిలోకి వస్తుంది. తెలుగులో వెనకబడ్డాడని మనం అనుకునే పిల్లవాడు తన భాషలో ఎంత చక్కగా వివరించగలడో ఆ రోజు అందరూ వింటారు.

ఒకే టీచర్, మూడు తరగతులు ఉంటే

ఏకోపాధ్యాయ బడుల్లో తరగతులు కలిపే గ్రూపులు చేయండి. 5వ తరగతి పిల్లలు ‘అడిగేవారు’, ‘రాసేవారు’ పనులతో మొదలుపెట్టాలి, 3వ తరగతివాళ్ళకు ట్యాబ్, మాట ఇవ్వండి. తిరగేస్తే పెద్దవాళ్ళే అంతా చేసేస్తారు. మీరు ఒక తరగతికి కొత్త పాఠం చెప్పే 15 నిమిషాలూ మిగతా గ్రూపులు తమంత తామే నడుస్తాయి.

పిల్లల ఫొటోలు, గొంతులు

రికార్డింగ్ బాగా వచ్చిందని వెంటనే స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి అటుంచినా, పిల్లల ముఖాలు మన చేయి దాటాక ఎక్కడికి పోతాయో మనకు తెలియదు. తల్లిదండ్రుల సమావేశంలో టీవీ మీద వేసి వినిపించండి. అమ్మానాన్నలు తమ పిల్లల గొంతు బడి టీవీలో వినడం వాట్సాప్‌లో చూడడం కంటే ఎంతో పెద్ద విషయం.

పని జరుగుతోందో లేదో చూసుకోవడం

గ్రూపు చార్టు అందంగా ఉంటే అందరూ నేర్చుకున్నట్టు కాదు. గ్రూపులో పిల్లలకు 1 నుంచి 4 అంకెలు ఇవ్వండి. పని అయ్యాక “ప్రతి గ్రూపులో 3వ నంబరు లేచి చెప్పాలి” అనండి. ఏ నంబరు పిలుస్తారో ముందు చెప్పకండి. అప్పుడు గ్రూపు తన వెనకబడ్డ పిల్లలకు కూడా నేర్పి తీరుతుంది.

మీ కోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. పిల్లలు పనిచేస్తుండగా ఒక్క గ్రూపు దగ్గర ఐదు నిమిషాలు నిలబడి, ఎవరు మాట్లాడితే వారి పేరు పక్కన ఒక గీత గీయండి. రోజుకు ఒక్క గ్రూపు చాలు, ఆరు రోజుల్లో తరగతంతా వస్తుంది. ఒకరి పక్కన పన్నెండు గీతలు, ఇంకొకరి పక్కన సున్నా ఉంటే, పన్నెండు గీతలవారికి వచ్చే వారం ‘రాసేవారు’ పని, సున్నావారికి ‘చెప్పేవారు’ పని ఇవ్వండి. రెండు వారాల తర్వాత అదే గ్రూపు దగ్గర మళ్ళీ గీతలు గీయండి. సున్నా అలాగే ఉండిపోతే ఆ బిడ్డను వేరే గ్రూపులోకి, తనకు దగ్గరి స్నేహితులు ఒకరున్న చోటికి మార్చి చూడండి.